కౌసల్యమ్మ లేచిన సంగతి

మొయినాబాద్‌లో గిద్యోను మాట నమ్మి చెడిపోయినవాడు ఒక్కడూ లేడు. ఆయన అంత నిజాయితీపరుడని కాదు. అసలు ఆయన మాట నమ్మినవాడే లేడు. ముప్పై రెండేళ్ళు చేవెళ్ళకూ మెహిదీపట్నానికీ మధ్య బస్సులో కండక్టరుగా తిరిగిన మనిషి. టికెట్టు చింపినంత సులువుగా కోతలు కోసేవాడు. ముడిమ్యాల రైతు ఒకడు ఎక్కించిన పొట్లకాయ వెనక తలుపు నుంచి ముందు తలుపు దాకా ఉంటే దానికి రెండు టికెట్లు కొట్టాననీ, మెహిదీపట్నంలో దాని తల దిగేసరికి తోక ఇంకా లంగర్‌హౌజ్‌లోనే ఉందనీ చెప్పేవాడు. జనం కడుపు పట్టుకుని నవ్వేవారు. నవ్వుతూ ముందుకు జరిగేవారు. కండక్టరుకు కావలసిందీ అదే.

రిటైరయ్యాక ఆ నోరు ఖాళీగా ఉండలేకపోయింది. ఇంట్లో భార్య ధనమ్మ ఒక్కతే శ్రోత. ఆమె ఆ కథలన్నీ ముప్పై ఏళ్ళ కిందటే విని పక్కన పెట్టేసింది. అప్పుడే మేనకోడలు కృపాజ్యోతి వచ్చి అడిగింది.

కృపాజ్యోతి ఫిజియోథెరపీ చదివింది. ‘ఊతం’ అని చిన్న సంస్థ పెట్టి, ఒక పాత వ్యాను, ఒక నర్సు, తను కలిసి చేవెళ్ళ, మొయినాబాద్ చుట్టూ ఊళ్ళు తిరిగేది. పక్షవాతం వచ్చి పడిపోయినవాళ్ళకూ, తుంటి విరిగి మంచం పట్టినవాళ్ళకూ ఇంటికే వెళ్ళి కాళ్ళూ చేతులూ ఆడించడం నేర్పేది. ఎవరైనా పుట్టినరోజుకు ఒకసారి ఐదువేలు ఇచ్చేవారు, ఫొటో దిగేవారు, మరిచిపోయేవారు.

“ఒక్కసారి ఇచ్చేటోళ్ళు కాదు మామా, నెలనెలా రెండు వందలో మూడు వందలో ఇచ్చేటోళ్ళు కావాలె. బండి నెలనెలా తిరగాలె కదా. ఫోన్‌ల ఆటోపే పెట్టుకుంటే వాళ్ళకు యాది కూడ ఉండక్కర్లేదు.”

“అంటే పాసు ప్యాసింజర్లు కావాలంటవ్.”

“ఆఁ, గట్లనే అనుకో.”

పాసు ప్యాసింజర్ల సంగతి గిద్యోనుకు చెప్పాలా! నెల పాసు ఉన్నవాణ్ణి బస్సులో నిలబెట్టుకునే విద్య వేరు. వాడి పేరు తెలియాలి. రెండు రోజులు కనబడకపోతే మూడోనాడు “ఏమన్నా, జ్వరమా?” అనాలి. అదే పద్ధతి ఇక్కడా పెట్టాడు. కొత్తగా చేరిన ప్రతి దాతకూ తనే ఫోన్ చేసేవాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం, చర్చి నుంచి రాగానే, వాట్సాప్‌లో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపేవాడు. ఏ ఊళ్ళో ఎవరు ఎలా ఉన్నారో ఆ మెసేజ్‌లో ఉండేది. ముప్పై ఒక్క మందితో మొదలైన లెక్క ఆరు నెలల్లో ఎనభై దాటింది. జన్వాడ ఫామ్‌హౌస్‌ల వాళ్ళు, బడి పంతుళ్ళు, చందనవెల్లి ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రకారు. వాళ్ళు గిద్యోను మాట నమ్మారు. అరవై ఏళ్ళ జీవితంలో ఆయన్ని నమ్మిన మొదటి మనుషులు వాళ్ళే.

అలాంటి రోజుల్లో సైదులు లేచాడు. సైదులు లారీ డ్రైవరు. కుడి పక్క పడిపోయి ఎనిమిది నెలలు మంచంలో ఉండి, వ్యాను వెళ్ళగా వెళ్ళగా కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. గిద్యోను ఆ నెల మెసేజ్‌లో పండగ చేశాడు. జవాబుగా చప్పట్ల బొమ్మలు వరదలా వచ్చాయి. మరుసటి నెల చూస్తే పదకొండు మంది దాతలు ఆగిపోయారు.

గిద్యోను మూడు రోజులు ఆలోచించాడు. నాలుగో రోజు చర్చిలో జవాబు దొరికింది. అయ్యగారు ప్రతి ఆదివారం ప్రార్థన మనవులు చదువుతారు. మంచాన ఉన్నవాళ్ళ పేర్లు ఏళ్ళ తరబడి చదువుతూనే ఉంటారు, ఆడవాళ్ళు వాళ్ళ కోసం ఉపవాసాలు ఉంటారు. స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పిన రోజు అందరూ చప్పట్లు కొడతారు, ఆ పేరు కొట్టేస్తారు. పై వారం ఆ మనిషిని అడిగే దిక్కుండదు. ‘ఇదే కదా!’ అనుకున్నాడు. పడినవాణ్ణే మోస్తారు. లేచినవాణ్ణి ఎవరు మోస్తారు?

ఆయన తెలివికి ఆ ఆదివారమే బూజు పట్టింది.

అప్పటికి ముడిమ్యాల కౌసల్యమ్మ మంచంలో ఉంది. ఆరెకరాల ఆసామి. క్యారెట్టు, టమాట పండించి చేవెళ్ళ మార్కెట్టుకు తనే తోలుకుపోయే మనిషి. భర్త పోయినా సేద్యం వదలలేదు. ఒక ఎండాకాలం పొద్దున గట్టు మీద కూలబడింది, ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. గిద్యోను ఆమెను అడిగే ఆమె గొంతు రికార్డు చేశాడు: “తమ్మీ, నా కాలు నా మాట వింటలేదు. ఎవరిదో కాలు తెచ్చి నాకు పెట్టినట్టున్నది.” ఆ పన్నెండు సెకన్ల మాట విని ఒక్క నెలలో నలభై మంది కొత్త దాతలు చేరారు.

ఏడు నెలలకు కౌసల్యమ్మ లేచింది. ఆ రోజు గిద్యోను అక్కడే ఉన్నాడు. ఆమె కొట్టం గోడ పట్టుకుంది, గోడ అయిపోయాక గాలి పట్టుకుంది, వంకర టింకరగా నలభై అడుగులు వేసి క్యారెట్టు మడి గట్టు మీద కూర్చుంది. అరచేత్తో ఎడమ తొడ మీద ఒక్కటి చరిచి “ఇప్పుడు వింటవా?” అని దాన్నే అడిగింది. గిద్యోను కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ‘ఈ నెల చెప్పాలి’ అనుకున్నాడు. పదకొండు మంది గుర్తొచ్చారు. ‘వచ్చే నెల చెబుదాం’ అనుకున్నాడు. వచ్చే నెల వ్యానుకు టైర్లు మార్చవలసి వచ్చింది.

అలా రెండేళ్ళు దాటింది. మెసేజ్‌లలో కౌసల్యమ్మ మంచంలోనే ఉంది. ఒక నెల బొటనవేలు కదిలేది. ఇంకో నెల చాయ్ తాగేంతసేపు కూర్చునేది. ఆ పై నెల జ్వరం వచ్చి మళ్ళీ వెనక్కి పోయేది. అసలు కౌసల్యమ్మ మాత్రం ముడిమ్యాలలో గంప నెత్తిన పెట్టుకుని తిరుగుతోంది. మెసేజ్ దాతలకే వెళ్ళేది; వ్యానులో పొద్దంతా తిరిగే కృపాజ్యోతి వినలేదు, వినే తీరికా లేదు. దాతలు రెండు వందల అరవై మంది అయ్యారు. వ్యాను వారానికి ఆరు రోజులు తిరుగుతోంది. గిద్యోనుకు అప్పుడప్పుడు నిద్రలో ఉలిక్కిపడటం అలవాటైంది. గ్యాస్ అని ధనమ్మకు చెప్పాడు. అదీ ఆమె నమ్మలేదు.

మొన్న ఫిబ్రవరిలో ప్రగతి ఫోన్ చేసింది. చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం, ఇరవై ఏడేళ్ళ పిల్ల. నెలనెలా మూడు వందలు ఇస్తుంది. ప్రతి మెసేజ్‌కూ “అవ్వకు చెప్పండి, తొందరగ లేవాలని” అని జవాబు పెడుతుంది.

“అంకుల్, ఈ ఆదివారం నాకు ఛుట్టీ. ముడిమ్యాల వస్త. అవ్వను చూడాలె.”

“ఆదివారమా బిడ్డా? వాళ్ళింట్ల ఒక బర్రె ఉన్నది. కొత్తోళ్ళను చూస్తే కుమ్ముతది. పోయిన నెల కరెంటోన్ని చింతచెట్టు ఎక్కిచ్చింది.”

“బర్రెతోని నేను మాట్లాడుకుంట గాని, మీరైతే ఉండండి అంకుల్,” అని నవ్వి పెట్టేసింది.

శనివారం గిద్యోను ముడిమ్యాల వెళ్ళాడు. కౌసల్యమ్మ తొట్టి దగ్గర మోకాళ్ళ దాకా చీర ఎగదోపి, కాళ్ళతో తొక్కుతూ క్యారెట్లు కడుగుతోంది.

“అక్కా, రేపు ఒక పిల్ల వస్తున్నది. మా దాత. ఆ రోజులల్ల నువ్వు మంచం మీద ఎట్ల ఉంటివో, కాలు ఎట్ల ఆడిపిచ్చినమో చూడాలంటున్నది. జర ఒక్క గంట పండి చూపెట్టవా?”

“నాటకమా తమ్మీ?”

“నాటకమే అనుకో.”

“ఏడ్వాల్నా?”

“అద్దు అద్దు. ఉత్తగ పండితే చాలు.”

“మీ బండి రాకుంటే ఇయ్యాల నేను గోడ మీద ఫొటోల ఉందును. గంట ఏంది, పూట పండుమన్న పంట,” అంది కౌసల్యమ్మ. “పట్టుచీర కట్టుకుంట మరి.”

“పాతది కట్టుకో అక్కా.”

ఆమె సంచీలో రెండు కిలోల క్యారెట్టు పోసి చేతికిచ్చింది. బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, దొంగసొత్తు మోస్తున్నట్టు అనిపించింది.

ఆదివారం పదకొండు గంటలకు ప్రగతి స్కూటీ మీద వచ్చింది. చేతిలో సీసా, నువ్వుల నూనెలో ఎల్లిగడ్డలు వేసి కాచి తెచ్చింది. కౌసల్యమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, పాత్రలో లీనమై ఉంది. పొద్దున్నే మడికి నీళ్ళు పెట్టి వచ్చి ఆదరాబాదరాగా పడుకుంది. గిద్యోను వైపు చూసి ఒక కన్ను కొట్టింది కూడా. గిద్యోను గోడకు చేరగిలబడ్డాడు.

“అవ్వా, నేను ప్రగతిని. జర కాలు ఇటు ఇయ్యి.”

పిల్ల మంచం అంచున కూర్చుని, ఎడమ పాదం ఒళ్ళోకి తీసుకుంది. వేళ్ళ సందుల్లో తడి ఆరని ఎర్రమట్టి. మడమ పగుళ్ళలో మట్టి. ప్రగతి ఆ మట్టిని చూసింది, వేలితో మెల్లగా గీకింది.

“ఎవరన్న నిన్ను పట్టుకొని కింద నిలవెట్టిన్రా అవ్వా? నొప్పి పెట్టిందా?”

కళ్ళ ముందు సాక్ష్యం ఉన్నా, ఆ పిల్ల గిద్యోను మాటనే నమ్మింది. ఆయనకు భూమిలోకి పోవాలనిపించింది. పొట్లకాయ మాట కూడా ఎవరూ ఇంతగా నమ్మలేదు.

చున్నీ కొసతో మట్టి తుడిచి, నూనె రాస్తూ ప్రగతి చెప్పింది: “రెండేండ్ల నుంచి శనివారం ఒక్కపొద్దు ఉంటున్న అవ్వా. పొద్దుగూకే దాక ఏం ముట్ట. నువ్వు లేచిన్నాడు విడుస్త అనుకున్న. మా రూమ్మేట్లు నవ్వుతరు, మీ అవ్వ లేచిందా లేదా అని అడుగుతరు.”

కౌసల్యమ్మ నాటకం అక్కడ ఆగిపోయింది. “ఎవరు లేస్తె బిడ్డా?”

“నువ్వే అవ్వా.”

“నేను లేచి రెండేండ్లు దాటింది కదా!” దుప్పటి తీసి లేచి కూర్చుంది, మంచం దిగింది, గడప దాకా నడిచి తిరిగి వచ్చింది. “ఇగో. గీ తమ్మి ఎట్ల పండుకుంటివో చూపెట్టుమంటే పండిన. నీకు ఎరుకే అనుకున్న.”

ప్రగతి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత నవ్వింది. కౌసల్యమ్మను వాటేసుకుని, కళ్ళ నీళ్ళతో ఎగిరినంత పని చేసింది. “లేచింది! అంకుల్, అవ్వ లేచింది!” అని ఆయనకే చెప్పింది. ఆ సంతోషం చూసి గిద్యోను సిగ్గుతో చచ్చిపోయాడు. రెండేళ్ళుగా రెండు వందల అరవై మందికి దక్కకుండా దాచిపెట్టింది ఇదా?

నవ్వు మెల్లగా ఆరిపోయింది. “అంకుల్... పోయిన నెల బొటనవేలు కదిలిందన్నరు?”

“బొటనవేలా?” అంది కౌసల్యమ్మ. “ఏదీ, ఏమన్నడో ఇనపియ్యి.”

ప్రగతి ఫోను తీసింది. గదిలో గిద్యోను గొంతు నిండుగా మోగింది. టికెట్, టికెట్ అని ముప్పై ఏళ్ళు అరిచిన గొంతు, బెల్లం పాకంలో ముంచినట్టు. “నమస్కారం. మన ముడిమ్యాల కౌసల్యవ్వ ఈ నెల బొటనవేలు కదిలించింది. కిటికీల నుంచి తన పొలాన్ని చూసి, ఒక్కసారి ఆ మట్టి తొక్కుతనా అని అడిగింది...” ఆయన ఆ మాటలు ఫోనులో చెప్పడమే గాని, మనుషుల మధ్య వినడం అదే మొదటిసారి. పూర్తిగా విన్నాడు. రెండు నిమిషాల ఆరు సెకన్లు.

కౌసల్యమ్మ కేకలు వేస్తే బాగుండేది. మెల్లగా అడిగింది: “నేను లేచిన ముచ్చట ఎవ్వరికి చెప్పలేదా తమ్మీ?”

“లేదక్కా.”

“ఏడు నెలలు. దొడ్డికి పోవాలంటే ఒకల్ల బుజం పట్టుకున్న. పండ్లు కొరికి కొరికి ఒక పన్ను ఊడింది. ఆ నలభై అడుగులు నా పెండ్లిల ఏడడుగుల కంటె ఎక్కువ నాకు. పొట్లకాయ ముచ్చట ముప్పై ఏండ్లు చెప్తివి. నిజంగ అయింది ఒక్కటి, అది దాస్తివి.”

ప్రగతి వేళ్ళకంటిన నూనె తుడుచుకుంటోంది. “అంకుల్, నేను మొదటి ఒక్కపొద్దు ఉన్ననాడు అవ్వ నడుస్తున్నదా?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు. “నడుస్తున్నది బిడ్డా,” అన్నాడు.

ఆ పిల్ల తిట్టలేదు. “నాకు ఇగ ఫోన్ చెయ్యకండి,” అంది, అంతే.

కౌసల్యమ్మ ఆమెను పోనివ్వలేదు. “నా కాలు కోసం ఆకలికి ఉంటివి. తినకుంట నా గడప దాటితే నాకు పుణ్యముండదు,” అని పొయ్యి దగ్గరికి తీసుకుపోయింది. కోడికూర వాసన వాకిట్లోకి వచ్చింది. ఆ ఇంట్లో గిద్యోను ఎప్పుడు వెళ్ళినా కంచం పెట్టకుండా పంపింది లేదు. ఆ రోజు ఎవరూ పిలవలేదు. ఆయన వాకిట్లో బర్రె పక్కన కాసేపు నిలబడ్డాడు. ఎవరినీ కుమ్మని ముసలి బర్రె, తన మానాన గడ్డి నములుతోంది. తరవాత బస్‌స్టాపుకు నడిచాడు.

సాయంత్రం కృపాజ్యోతికి అంతా చెప్పాడు. పదకొండు మంది ఆగిపోయిన సంగతి నుంచి మొదలుపెట్టాడు. ఆమె వింటూ వింటూ తల పట్టుకుంది.

“ఏ నెల మామా అది?”

చెప్పాడు. ఆమె పాత కాగితాలు తిరగేసింది.

“ఆ పదకొండు మంది ఒక్క కంపెనీయోళ్ళే. ఇగో, ‘ఖాతా మూసిన్రు’ అని అందరికి ఒక్కటే రాసి ఉన్నది; ఆ నెల వాళ్ళ జీతాల బ్యాంకు మారింది. ఆటోపే తెగిపోయింది. వాళ్ళు ఆపలేదు మామా, వాళ్ళకు ఎరుకే లేదు. ఒక్క ఫోన్ కొడితే మళ్ళ కలుపుకుందురు. సైదులు లేచిండని ఎవ్వరు పోలేదు.”

ఏ ప్యాసింజరు కనబడకపోయినా మూడోనాడు అడిగే మనిషి, ఆ ఒక్కసారి అడగలేదు. భయపడి, చర్చిలో కూర్చుని సిద్ధాంతం కట్టాడు.

“ఇప్పుడేం చెయ్యాలె జ్యోతీ? మెసేజ్ పెట్టాల్నా?”

“మెసేజ్ కాదు. ఒక్కొక్కరికి ఫోన్ చెయ్యి. రెండొందల అరవై మందికి. నీ నోటితోనే చెప్పు.”

రెండొందల యాభై తొమ్మిది, అనుకున్నాడు గిద్యోను. ప్రగతి వద్దంది.

తొమ్మిది రోజులు పట్టింది. పెరట్లో స్టూలు వేసుకుని, పేరు చూసి నంబరు నొక్కి, ప్రతివారికీ అవే నాలుగు మాటలు: కౌసల్యమ్మ రెండేళ్ళ కిందటే లేచింది, నేను దాచాను, తప్పు నాది, మీ డబ్బుతో బండి తిరిగిన మాట నిజం. కొందరు ఆ మూడో మాట దాకా ఆగలేదు. జన్వాడ ఫామ్‌హౌస్ ఆసామి ఒకడు “నీ వయసెంత?” అని మాత్రం అడిగి పెట్టేశాడు. ఒక రిటైర్డు టీచరమ్మ, “మా మనవరాలికి మీ మెసేజ్‌లు వినిపించేదాన్ని. ఇప్పుడు దానికి ఏం చెప్పను?” అంది. ఒకాయన మాత్రం పగలబడి నవ్వి, “లేచిందా! మరి ఇంకా ఎవరెవరు లేచారు?” అన్నాడు.

గిద్యోనుకు తెలియదు. అడిగితే కృపాజ్యోతి చెప్పింది, ఆ మూడేళ్ళలో నలభై ముగ్గురు లేచి నడిచారట. పడినవాళ్ళ పేర్లన్నీ గిద్యోనుకు కంఠతా వచ్చు. లేచినవాళ్ళలో మూడు పేర్లు కూడా చెప్పలేకపోయాడు.

మూడో వంతు దాతలు ఆగిపోయారు. వ్యాను ఆరు రోజుల నుంచి నాలుగు రోజులకు తగ్గింది. గురువారం ఊళ్ళూ, శనివారం ఊళ్ళూ ఇకనుంచి పదిహేను రోజులకు ఒకసారే. ఆ మాట వాళ్ళకు చెప్పే పని గిద్యోనుదే అంది మేనకోడలు. ఆయన కాదనలేదు.

మొదటి ఇల్లు మారయ్యది, జన్వాడ వెనకాల. బావులు తవ్వి బతికిన మనిషి, నిరుడు దసరా ముందు పడిపోయాడు. గిద్యోను వాకిట్లో అడుగు పెట్టగానే మారయ్య భార్య చీపురు పట్టుకుని అడ్డం నిలబడింది.

“జర ఆగు అన్నా. ఊర్లె ఏమంటున్నరో ఇన్నవా? బండి వస్తే కాళ్ళు లేస్తున్నయట, గిద్యోను ఫోను వస్తే మళ్ళ పంటున్నయట. మా ఆయనను పండవెట్టెతందుకు వచ్చినవా?”

“లేదు చెల్లె. బండి ఇగ పదిహేను రోజులకొకసారే వస్తది. నా వల్లనే. అది చెప్పెతందుకు వచ్చిన.”

ఆమె చీపురు దించింది. ఆ దించడం కంటే రెండు దెబ్బలు వేసి ఉంటే నయమనిపించింది. లోపల తడిక పక్కన కుర్చీలో ఉన్న మారయ్య అంతా విన్నాడు.

“ఫోను తెచ్చినవా?” అన్నాడు.

“తెచ్చిన. గాని నువ్వు చెప్పుమంటేనే దాతలకు చెప్త. అద్దంటే అద్దు.”

“నేను నడుస్త. లెక్కపెట్టు.”

కుర్చీ చేతుల మీద బరువు పెట్టి లేచాడు. చేతికర్ర పట్టుకున్నాడు. ఒకటి. కాలు ఈడ్చుకుంటూ రెండు. మూడు దగ్గర ఊగాడు, భార్య చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకుంది. నాలుగు. ఐదో అడుగుకు మడమ లేచింది, గాలిలో వణికింది, ఉన్నచోటే దిగింది. మారయ్య ఒళ్ళంతా చెమట.

గిద్యోను ఆ నెల మెసేజ్ కోసం ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. మడమ లేవడం కళ్ళారా చూశాడు కదా, ఐదనడానికి ఎంతసేపు! ముఖం వేడెక్కింది. ఎవరూ తన వైపు చూడకపోయినా తల దించుకున్నాడు.

“జన్వాడ వెనకాల మారయ్య,” అన్నాడు, “ఈ రోజు నాలుగు అడుగులు వేసిండు.”

ఇంకేమీ కలపకుండా ఆపేశాడు. చెమట తుడిచే గుడ్డ కోసం లోపలికి వెళ్ళిన మారయ్య భార్య అక్కణ్నుంచే కేకేసింది: “ఎన్నన్నడు?”

“నాలుగే అన్నడు,” అన్నాడు మారయ్య.